చేవ్రాలు, దస్తఖత్: రచయిత–పాఠకుల సమాగమంపై ఒక పరిశీలన

తెలుగులో సంతకానికి 'చేవ్రాలు' అనే అందమైన మాట ఒకటి కలదు. 'చే' అనగా చేయి. 'వ్రాలు' అనగా వ్రాత. ఉర్దూలో ఇదే అర్థంలో 'దస్తఖత్' అంటారు. 'దస్త్' అనగా చేయి. 'ఖత్' అనగా వ్రాత. వేర్వేరు భాషా కుటుంబాలకు చెందిన ఈ రెండు నుడులూ ఒకే సత్యాన్ని చెబుతున్నాయి. సంతకం కేవలం ఒక పేరు కాదు. పేరును ఎవరైనా వ్రాయవచ్చు, ఎన్నిసార్లయినా అచ్చు వేయవచ్చు. ఆ పేరుగల మనిషి స్వయంగా తన చేతితో వ్రాసినప్పుడే అది సంతకమవుతుంది. ఈ రెండు భాషలవారూ ఒకే ప్రాంగణంలో చదువుకునే కళాశాల మనది. కనుక ఈ రెండు మాటలను పక్కపక్కన నిలిపి ఈ వ్యాసాన్ని ఆరంభించడం సముచితమని భావిస్తున్నాను.

పుస్తకం వెలువడిన తరువాత రచయిత ఒక విక్రయశాలలోనో, పుస్తక ప్రదర్శనలోనో బల్ల ముందు కూర్చుండడం, పాఠకులు వరుసలో నిలబడి తాము కొన్న ప్రతిపై సంతకం చేయించుకోవడం నేడు లోకమంతటా పరిపాటి అయినది. దీనిని కొందరు వేడుక అంటారు, మరికొందరు వ్యాపారమంటారు. పుస్తకం చదివినవానికి రచయిత ముఖంతో పనియేమి అని ప్రశ్నించే పెద్దలు కూడా లేకపోలేదు. ఈ సమాగమం ఎక్కడనుండి వచ్చింది, దానివల్ల ఎవరికి ఏమి ప్రయోజనం, అది ఎప్పుడు సార్థకమవుతుంది అనే విషయాలను విద్యార్థుల దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అచ్చుయంత్రానికి పూర్వం

అచ్చుయంత్రం రాకముందు కవికీ శ్రోతకూ నడుమ దూరం అంతగా లేదు. కావ్యం కంటికంటే చెవి ద్వారానే అధికంగా ప్రచారమయ్యేది. కృతిభర్త కవి ఎదుట కూర్చుండి కావ్యాన్ని వినేవాడు. గోలకొండను పాలించిన ఇబ్రహీం కుతుబ్ షాకు అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను అంకితమిచ్చాడు. ఆ కాలంలోనే పొన్నిగంటి తెలగన తన అచ్చ తెలుగు కావ్యమైన 'యయాతి చరిత్ర'ను అమీన్ ఖానుకు అంకితమిచ్చాడు. నేడు పుస్తకం మొదటి పుటపై 'ఫలానా వారికి' అని వ్రాసి ఇచ్చే ఒక్క వాక్యాన్ని ఆ అంకిత సంప్రదాయానికి చిన్న వారసత్వంగా భావించవచ్చు. అయితే నాడు ఆ గౌరవం ప్రభువులకు, శ్రీమంతులకు మాత్రమే దక్కేది. నేడు ఒక పుస్తకం కొనగలిగిన విద్యార్థికి సైతం దక్కుతున్నది. ఈ మార్పు స్వల్పమైనది కాదు.

మరొక విశేషం గమనింపదగినది. మన సంప్రదాయంలో శ్రోత ఊరక తల ఊపేవాడు కాడు. అష్టావధానంలో ఎనిమిదిమంది అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు దత్తపది ఇస్తారు. ఒకరు నిషిద్ధాక్షరితో అడుగడుగునా అక్షరాన్ని అడ్డగిస్తారు. ఒకరు అప్రస్తుత ప్రసంగంతో ఆయన ఏకాగ్రతను చెదరగొట్టజూస్తారు. వీరికి 'పృచ్ఛకులు' అని పేరు, అంటే అడిగేవారు. తిరుపతి వేంకట కవులు సంస్థానాలలోను, పట్టణాలలోను అవధానాలు చేసి పద్యాన్ని జనం నోటికి చేర్చారంటే, అందులో అడిగినవారి పాత్ర కూడా ఉన్నది. ప్రశ్న లేనిదే అవధానం లేదు.

ముషాయిరాలోనూ ఇదే ధర్మం కనిపిస్తుంది. పూర్వం వెలుగుతున్న దీపాన్ని ఏ కవి ముందు ఉంచితే ఆ కవి తన గజల్ వినిపించేవాడు. నచ్చిన షేర్‌ను శ్రోతలు 'ముకర్రర్' అని మళ్లీ చదివించుకునేవారు. నచ్చనిచోట మౌనం వహించేవారు. ఆ మౌనం కూడా ఒక విమర్శే. తన పంక్తి నిలిచిందో, కూలిందో కవికి ఆ క్షణంలోనే తెలిసిపోయేది.

అచ్చు వచ్చిన తరువాత పాఠకుల సంఖ్య వేలకు పెరిగింది. కాని వారి ముఖం రచయితకు మరుగైపోయింది. ఎవరో ఎక్కడో చదువుతున్నారు. నవ్వారో, కంటతడి పెట్టారో, విసుగుతో పక్కన పెట్టారో తెలియదు. ఈ లోటును తీర్చుకోవలెనన్న కోరిక రచయితకూ కలిగింది, పాఠకునికీ కలిగింది. ఆ కోరిక ఎంత బలమైనదో తెలుసుకోవడానికి ఆంగ్ల సాహిత్యంనుండి చార్లెస్ డికెన్స్ జీవితం ఉత్తమ ఉదాహరణ.

డికెన్స్ పఠన సభలు

డికెన్స్ 1853 డిసెంబరు చివరలో బర్మింగ్‌హాం పురమందిరంలో మూడు సభలలో తన క్రిస్మస్ కథలను చదివి వినిపించాడు. అక్కడ నెలకొల్పదలచిన ఒక విద్యాసంస్థకు నిధులు సమకూర్చడమే ఆ సభల ఆశయం. ఒక సభ ప్రత్యేకంగా శ్రమజీవులకోసం జరగాలని, దానికి టిక్కెట్టు వెల వారికి అందుబాటులో ఉండాలని ఆయన పట్టుబట్టాడు. ఆ రాత్రి శ్రామికులు పెద్దసంఖ్యలో వచ్చి కిక్కిరిసి కూర్చుండి విన్నారు. తాను ఎవరి కష్టాలను వ్రాశాడో వారే ఎదుట కూర్చుండి వినడం ఆ రచయితకు అపూర్వమైన అనుభవం.

1858నుండి ఆయన తన సొంత ఆదాయంకోసం కూడా పఠన సభలు జరిపాడు. 1867 డిసెంబరునుండి 1868 ఏప్రిల్ వరకు అమెరికాలో 76 సభలలో చదివాడు. బోస్టన్, న్యూయార్క్ నగరాలలో టిక్కెట్లకోసం జనం గడ్డకట్టే చలిలో రాత్రంతా వీధిలో వరుసకట్టి నిలబడ్డారు. దళారులు ఆ టిక్కెట్లను కొని అధిక ధరలకు అమ్ముకున్నారు. ఖర్చులు పోను ఆయనకు దాదాపు 19,000 పౌండ్లు మిగిలాయి. ఆ రోజుల్లో అది అపారమైన ధనం.

ఈ వైభవానికి మరొక ముఖం కలదు. అప్పటికే ఆయన ఆరోగ్యం క్షీణించింది. 'ఆలివర్ ట్విస్ట్'లో నాన్సీ హత్యా ఘట్టాన్ని 1869నుండి సభలలో చదవసాగాడు. అది చదివినప్పుడల్లా ఆయన నాడి వేగం విపరీతంగా పెరిగేదని వైద్యుడు లెక్కించి చూశాడు. 1869 ఏప్రిల్‌లో ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని యాత్రను నడుమనే ఆపవలసి వచ్చింది. 1870 మార్చి 15న లండన్‌లో చివరి సభలో చదివి శ్రోతలకు వీడ్కోలు పలికాడు. జూన్ 9న కన్నుమూశాడు. ధనాశ ఒక్కటే ఆయనను వేదికకు లాగిందనడం న్యాయం కాదు. తన మాట ఎదుటివారి ముఖంలో ఎలా పలుకుతున్నదో చూడవలెనన్న ఆకాంక్ష కూడా ఆయనను విడువలేదు. రచయితకు పాఠకుడు ఎంత అవసరమో, ఆ అవసరానికి హద్దు ఎంత అవసరమో కూడా ఈ చరిత్ర తెలుపుతున్నది.

బల్ల ముందు కూర్చున్న రచయిత

డికెన్స్ వేదికపై నిలబడినవాడు. ఆధునిక కాలంలో రచయిత వేదిక దిగి బల్ల వద్దకు వచ్చాడు. పాఠకునికి దక్కేది ఒకటి రెండు నిమిషాలు. పేరు చెప్పడం, అక్షరాలు సరిచూసుకోవడం, ఒక మాట, ఒక సంతకం. ఇంతే. అయినా ఆ రెండు నిమిషాలకోసం గంటలకొద్దీ నిలబడేవారు ఉన్నారు. ప్రచురణకర్తకు ఇందులో విక్రయ ప్రయోజనం కలదు. విక్రయశాలకు జనం వస్తారు. రచయితకు తన పాఠకుడు విద్యార్థియో, గృహిణియో, పదవీ విరమణ చేసిన ఉద్యోగియో కంటితో చూసే అవకాశం కలుగుతుంది.

కాని ప్రతి బల్ల ముందు వరుస ఉండదు. 2022 డిసెంబరులో అమెరికాలో ఒక నూతన రచయిత్రి తన తొలి నవలకు ఇటువంటి కార్యక్రమం ఏర్పాటు చేసుకున్నది. వస్తామని ముప్పదిమందికి పైగా తెలిపారు. వచ్చినవారు ఇద్దరే. ఆమె తన మనస్తాపాన్ని బహిరంగంగా చెప్పుకోగా, లోకప్రసిద్ధులైన రచయితలు ఎందరో ముందుకు వచ్చి తమ ఖాళీ బల్లల కథలు చెప్పారు. కెనడా దేశపు విఖ్యాత రచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్ చెప్పినది మరింత రమణీయం. ఒకసారి తన బల్ల వద్దకు ఎవరూ రాలేదట. వచ్చిన ఒకే ఒక్కడు ఆమెను దుకాణంలో పనిచేసే మనిషి అనుకొని, కాగితాలు అంటించే టేపు కావాలని అడిగాడట. ఈ కథలో నవ్వు ఉన్నది, ధైర్యమూ ఉన్నది. వరుస పొడవును బట్టి పుస్తకం విలువ నిర్ణయం కాదని, పెద్ద రచయితలుగా పేరు పొందినవారిలో ఎందరో ఏదో ఒకనాడు ఖాళీ కుర్చీలను చూసినవారేనని మన విద్యార్థి రచయితలు గ్రహించాలి.

చేయి, యంత్రం

ఇక్కడనుండి సమస్య జటిలమవుతుంది. పాఠకులు లక్షలలో ఉంటే ఒక్క చేయి ఏమి చేయగలదు? ఇందుకు ఈ శతాబ్దంలో కనబడిన మూడు మార్గాలను పోల్చి చూద్దాం.

మొదటిది అమెరికన్ రచయిత జాన్ గ్రీన్ మార్గం. 2012లో వెలువడిన తన నవల మొదటి ముద్రణలోని 1,50,000 ప్రతులకూ ఆయన స్వయంగా సంతకం చేశాడు. విడి కాగితాలపై సంతకం చేసి పంపగా, వాటిని పుస్తకాలలో చేర్చి కుట్టారు. ఇక్కడ చేయి నిజమైనది. సమాగమం మాత్రం లేదు.

రెండవది అట్‌వుడ్ మార్గం. ఊరూరా తిరిగే ప్రయాణ భారం తగ్గించవలెనన్న ఆలోచనతో ఆమె దూరంనుండి సంతకం చేసే ఒక సాధనాన్ని ఊహించి రూపొందింపజేసింది. దానిని 2006లో లండన్ పుస్తక ప్రదర్శనలో బహిరంగంగా పరిచయం చేశారు. రచయితా పాఠకుడూ తెరపై ఒకరినొకరు చూచుకొని మాట్లాడుకుంటారు. రచయిత ఒక పలకపై వ్రాస్తే, దూరదేశంలో యంత్రహస్తం కలం పట్టుకొని ఆ కదలికలనే పుస్తకంపై వ్రాస్తుంది. ఇక్కడ సంభాషణ నిజమైనది. చేయి మాత్రం దూరాన ఉన్నది. అయినా ఇందులో మోసం లేదు, ఏమి జరుగుతున్నదో పాఠకునికి తెలుసు కనుక.

మూడవ మార్గం మనలను హెచ్చరించేది. 2016లో నోబెల్ సాహిత్య పురస్కారం పొందిన బాబ్ డిలన్ గేయాలపై వ్రాసిన వ్యాస సంపుటి 2022 నవంబరులో వెలువడింది. స్వహస్తంతో సంతకం చేసినవని చెప్పి 900 ప్రతులను ఒక్కొక్కటి 599 డాలర్లకు అమ్మారు. కొన్నవారు తమ ప్రతులను పోల్చి చూసుకోగా సంతకాలు ఒకే అచ్చున పోసినట్లు ఉన్నాయి. అవి యంత్రం చేసిన సంతకాలని తేలింది. ప్రచురణకర్తలు సొమ్ము తిరిగి ఇచ్చారు. తన అనారోగ్యాన్ని, మహమ్మారి కాలపు ఇబ్బందులను వివరించి డిలన్ విచారం వెలిబుచ్చాడు.

ఇందులో దోషం ఎక్కడున్నది? వెల పుచ్చుకోవడంలో లేదు. గాంధీ మహాత్ముడు కూడా తన చేవ్రాలు కోరినవారివద్ద హరిజన నిధికి ఐదు రూపాయలు పుచ్చుకునేవాడు. యంత్రాన్ని వాడడంలోనూ లేదు, రెండవ మార్గంలోనూ యంత్రమే వ్రాసినది కదా! దోషమంతా యంత్రం వ్రాతను చేతివ్రాతగా చెప్పడంలో ఉన్నది. చేవ్రాలు అనే మాటలోని 'చే'ను, దస్తఖత్ అనే మాటలోని 'దస్త్'ను తీసివేసి మిగిలిన దానిని అమ్మడంలో ఉన్నది. మన పూర్వులు ఈ రెండు మాటలను సృష్టించినప్పుడే ఈ తగవుకు తీర్పు చెప్పి ఉంచారనిపిస్తుంది.

మన సభలు, మన అలవాట్లు

పరదేశాల ముచ్చట అటుంచి మన సంగతి చూద్దాం. హైదరాబాదు, విజయవాడ నగరాలలో ఏటా జరిగే పుస్తక ప్రదర్శనలలో తెలుగు రచయితలు పాఠకులను కలుసుకుంటున్నారు. 2010లో ఆరంభమైన హైదరాబాదు సాహిత్యోత్సవం పలుభాషల రచయితలను ఒకచోట చేర్చుతున్నది. అయినా మన నేలపై బాగా పాతుకున్నది ఆవిష్కరణ సభ. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథులు, శాలువలు, పూలదండలు, ఛాయాచిత్రాలు. చివరకు రచయిత తన సొంత ఖర్చుతో అచ్చువేసుకున్న పుస్తకంపై 'గౌరవనీయులైన ఫలానా గారికి, సాదరంగా' అని సంతకం చేసి ఉచితంగా పంచుతాడు.

ఆదివారం నాడు హైదరాబాదు ఆబిడ్స్‌లో కాలిబాట వెంట పరచే పాత పుస్తకాల బజారుకు వెళ్లే అలవాటు నాకు కలదు. అక్కడ ఒక కవితా సంపుటి దొరికింది. మొదటి పుటపై ఒక పెద్దమనిషికి కవి ఎంతో వినయంగా వ్రాసి ఇచ్చిన చేవ్రాలు. లోపలి పుటలు ఒక్కటీ నలగలేదు. ఇరువది రూపాయలకు కొని తెచ్చుకుని ఆ రాత్రే చదివాను. అందులో నాలుగైదు కవితలు నిజంగా మంచివి. పుచ్చుకున్నవారు చదివి ఉంటే ఆ కవికి ఒక ఉత్తరమైనా వ్రాసి ఉండేవారు. ఆ చేవ్రాలు నిజమైనదే, సమక్షంలో చేసినదే. అయినా అది వ్యర్థమయింది.

ఎందువల్ల? రచయిత తన చేతిని ఇచ్చాడు; పాఠకుడు తన ప్రశ్నను ఇవ్వలేదు. అవధానంలో పృచ్ఛకుడు లేకపోతే ఎట్లుంటుందో, పుస్తకం చదవనివాడు చేయించుకునే సంతకం అట్లే ఉంటుంది. సమాగమం సార్థకం కావడానికి మూడు అంగాలు కావాలి: రచయిత సమక్షం, రచయిత చేయి, పాఠకుని ప్రశ్న. మొదటి రెండూ రచయిత బాధ్యత. మూడవది మన బాధ్యత. లోకం మొదటి రెండింటిని గూర్చి వాదించుకుంటున్నది. మనం మరచినది మూడవదానిని.

విద్యార్థులకు, కార్యవర్గానికి

విద్యార్థి మిత్రులారా! మీరు ఏ పుస్తక ప్రదర్శనకైనా వెళ్లినప్పుడు రచయిత కనబడితే సంకోచింపవద్దు. కాని ఖాళీ కాగితంతో వెళ్లవద్దు. పుస్తకం చదివి వెళ్లండి. కనీసం ఒక కథయైనా, ఒక ప్రకరణమైనా చదవండి. ఒక ప్రశ్న సిద్ధం చేసుకోండి. 'మీరు ఎలా వ్రాస్తారు?' అన్నది ఎవరైనా అడుగగల ప్రశ్న. 'ఈ కథలో తల్లి చివరిదాకా ఎందుకు మాట్లాడలేదు?' అన్నది చదివినవాడు మాత్రమే అడుగగల ప్రశ్న. నచ్చని సంగతి ఉంటే మర్యాదతో చెప్పండి. నిజమైన రచయిత దానికి సంతోషిస్తాడు. మీ వెనుక నిలబడినవారిని తలచుకొని మాట క్లుప్తంగా ముగించండి. మీ పేరు స్పష్టంగా చెప్పండి. సంతకంతోబాటు తేదీ, ఊరు కూడా వ్రాయమని కోరండి. ఏనాటికైనా ఆ పుట మీ చదువు చరిత్రలో ఒక సాక్ష్యంగా నిలుస్తుంది. చేతిలో డబ్బు లేకపోతే సిగ్గుపడవద్దు. గ్రంథాలయ ప్రతిని చదివి వచ్చి ప్రశ్న అడిగినవాడు, పుస్తకం కొని చదవనివానికంటె రచయితకు ఆప్తుడు.

మీలో వ్రాసేవారు కొందరున్నారు. రేపు మీ బల్ల ముందు ఇద్దరే నిలబడవచ్చు. ఆ ఇద్దరితో తీరికగా మాట్లాడండి. రెండువందలమంది వచ్చిననాడు అంత తీరిక దొరకదు.

కళాశాల కార్యవర్గంవారికి ఒక మనవి. ఏటా ఒక తెలుగు రచయితను, ఒక ఉర్దూ రచయితను మన గ్రంథాలయానికి ఆహ్వానించాలి. శాలువలకు, పూలదండలకు అయ్యే ఖర్చుతో ఆ రచయిత పుస్తకాలు పది ప్రతులు కొని నెలరోజులు ముందుగా విద్యార్థుల చేతికి ఇవ్వాలి. ప్రసంగానికి అరగంట, ప్రశ్నలకు గంట కేటాయించాలి. తెలుగు విద్యార్థులు ఉర్దూ రచయితను, ఉర్దూ విద్యార్థులు తెలుగు రచయితను ప్రశ్నించడానికి వీలుగా ఒకరు అనువదించి చెప్పాలి. అనంతరం ఆ పది ప్రతులపై రచయిత సంతకం చేయించి గ్రంథాలయంలో భద్రపరచాలి. పదేండ్లకు అటువంటి ప్రతులు రెండువందలవుతాయి. ఒక పేద కుటుంబంనుండి వచ్చి మన కళాశాలలో చేరిన విద్యార్థి ఆ పుస్తకం తెరిచి చేవ్రాలును చూసినప్పుడు, దీనిని వ్రాసినవాడు ఎక్కడో ఆకాశంలో లేడని, ఇదే గదిలో కూర్చుండి తనవంటి వారి ప్రశ్నలకు జవాబు చెప్పి వెళ్లాడని తెలుసుకుంటాడు. తానూ వ్రాయగలనన్న నమ్మకం అక్కడనుండి మొదలవుతుంది.